విదేశం వెళ్తున్నారా? రోమింగ్ పని శంషాబాద్‌లో కాదు, ఇంట్లోనే ముగించండి

గోంగూర పచ్చడిని ఎన్ని కవర్లలో చుట్టాలన్న దాని మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మనవాళ్లు ఫోన్ మీద పెట్టరు. "దిగాక చూసుకుందాంలే" అంటారు. దిగాక చూసుకోవడానికి కుదరని పని ఇది. రోమింగ్ అంటే మన సిమ్ విదేశీ నెట్‌వర్క్ మీద పనిచేయడం. దానికి ప్యాక్ వేయాలంటే ఆపరేటర్ యాప్‌లోకి వెళ్లాలి, కార్డుతో డబ్బు కట్టాలి. రెండింటికీ ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వచ్చేది మీ నంబర్‌కే, అది అప్పటికి పనిచేయడం లేదు. తాళం ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

అందుకే ఈ పనంతా ప్రయాణానికి కనీసం మూడు, నాలుగు రోజుల ముందు, ఇంట్లో కూర్చుని, వైఫై ఉన్నచోట చేసుకోండి. వరుసగా చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు కావలసింది నెట్టా, నంబరా?

చాలామంది డేటా గురించే ఆలోచిస్తారు. డేటా ఎలాగోలా దొరుకుతుంది. హోటల్లో, ఎయిర్‌పోర్టులో, కొడుకు ఇంట్లో వైఫై ఉంటుంది. ఎక్కడా దొరకనిది మీ హైదరాబాద్ నంబర్‌కి వచ్చే ఎస్సెమ్మెస్. బ్యాంకు, ఆధార్, ఇన్‌కంట్యాక్స్, గ్యాస్ బుకింగ్ అన్నీ దానికే వేలాడుతున్నాయి. కాబట్టి నంబర్‌ని బతికించడం ఒక పని, నెట్ ఏర్పాటు ఇంకో పని. రెండూ ఒకే ప్యాక్‌తో కావాలని ఏమీ లేదు.

దుబాయ్, సింగపూర్, బ్యాంకాక్ లాంటి చోట్లకి వారంలోపు ట్రిప్ అయితే మన ఆపరేటర్ రోమింగ్ ప్యాకే సులువు. కాస్త ఖర్చు ఎక్కువైనా కొత్త సిమ్ కోసం క్యూలో నిలబడక్కర్లేదు. రెండు, మూడు వారాలు దాటితే అక్కడి సిమ్ గానీ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) గానీ తీసుకుని, మన నంబర్‌ని ఎస్సెమ్మెస్‌ల కోసం మాత్రమే ఉంచుకోవడం మంచిది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నల సంగతి వేరు. దాని గురించి కింద విడిగా చెబుతాను, ఎందుకంటే అసలు నష్టాలు జరిగేది అక్కడే.

ఫోన్‌ని పరీక్షించండి

మొదట *#06# డయల్ చేయండి. ఐఎంఈఐ నంబర్లు, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబర్లు కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఫోన్ పోతే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయడానికి ఆ నంబరే కావాలి. అదే తెరపై ఈఐడీ అని ఇంకో పొడుగాటి నంబర్ కనిపిస్తే మీ ఫోన్‌లో ఈ-సిమ్ వేసుకోవచ్చని అర్థం.

ఇక అమెరికా నుంచి తెచ్చిన ఐఫోన్ల గురించి. హైదరాబాద్‌లో ఇవి లేని అపార్ట్‌మెంట్ ఉండదు. రెండు విషయాలు చూడండి. ఒకటి, అక్కడ వాయిదాల్లో కొన్న ఫోన్ అయితే ఆ కంపెనీకి లాక్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్, అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అన్న చోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి. లేకపోతే మీరు దుబాయ్‌లో కొన్న సిమ్ అందులో పనిచేయదు. రెండోది, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే మోడళ్లకి సిమ్ పెట్టే ట్రే ఉండదు. ఇండియా సిమ్‌ని కూడా ఈ-సిమ్‌గా మార్చుకోవాల్సిందే.

ఆ మార్పిడిని ప్రయాణం రోజుకి వాయిదా వేయకండి. సిమ్ మార్చాక 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచాలని టెలికాం శాఖ నిబంధన. సిమ్ స్వాప్ మోసాలకి, అంటే మీ నంబర్‌కి ఇంకొకరు దొంగచాటుగా సిమ్ తీసుకోవడానికి అడ్డుకట్టగా పెట్టారు. ఆ ఒక్క రోజూ ఓటీపీలు రావు. యూపీఐ యాప్‌లు కూడా మళ్లీ నంబర్ వెరిఫై చేయమంటాయి. అవన్నీ ఇక్కడ నెట్‌వర్క్ ఉండగానే తెమలాలి.

పాత ఫోన్ పట్టుకుని అమెరికా వెళ్తున్నవారికి ఇంకో మాట. అక్కడి పెద్ద కంపెనీలు 2022లోనే 3జీ ఆపేశాయి. కాల్స్ వోల్టీ (4జీ మీద కాల్ నడిపే పద్ధతి) మీదే నడుస్తాయి. కాబట్టి సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్‌లో ఉండాలి, ఫోన్ దాన్ని సపోర్ట్ చేయాలి. నాన్నగారి బటన్ ఫోన్ ఇక్కడ ఎంత బాగా పనిచేసినా అక్కడ మూగబోవచ్చు. ప్రయాణం కోసం ఓ మామూలు 4జీ స్మార్ట్‌ఫోన్ ఇవ్వండి.

రెండు స్విచ్‌లు

అందరూ తికమకపడేది ఇక్కడే. రోమింగ్‌కి రెండు స్విచ్‌లు ఉంటాయి. ఒకటి ఆపరేటర్ దగ్గర ఉంటుంది, ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ అంటారు. అది ఆన్ అయితేనే విదేశీ నెట్‌వర్క్ మీ సిమ్‌ని లోపలికి రానిస్తుంది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు దాని మీద ఆధారపడి ఉంటాయి. రెండోది ఫోన్‌లో ఉంటుంది, పేరు డేటా రోమింగ్. అది నెట్‌కి మాత్రమే సంబంధించింది.

దీన్నిబట్టి ఓ లెక్క తేలుతుంది. ఓటీపీలు వస్తే చాలు, నెట్ వద్దు అనుకుంటే మొదటిది ఆన్, రెండోది ఆఫ్. రోమింగ్ డేటా ప్యాక్ వేసుకుంటే రెండూ ఆన్. ప్యాక్ లేకుండా రెండూ ఆన్‌లో ఉంచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ప్యాక్ లేని డేటాకి ఎంబీల లెక్కన ఛార్జి పడుతుంది, వాట్సాప్‌లో వచ్చిన ఒక పెళ్లి వీడియో చాలు నెలంతా బాధపడటానికి.

మొదటి స్విచ్ కోసం మీ ఆపరేటర్ యాప్ తెరవండి. జియో అయితే మైజియో, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్ థ్యాంక్స్, వీఐ అయితే వీఐ యాప్. అందులో ఇంటర్నేషనల్ రోమింగ్ లేదా ఐఆర్ అన్న విభాగంలో దేశం పేరు కొడితే అక్కడ పనిచేసే ప్యాక్‌లు కనిపిస్తాయి. బీఎస్ఎన్ఎల్ వాడేవారు ప్రీపెయిడ్‌లో ఏ దేశాల్లో రోమింగ్ ఉందో ముందే కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవడం మేలు. పోస్ట్‌పెయిడ్ వారిని కొన్నిసార్లు డిపాజిట్ అడగొచ్చు, క్రెడిట్ లిమిట్ కూడా ఒకసారి చూసుకోండి. లిమిట్ దాటితే సరిగ్గా అవసరమైనప్పుడే లైన్ ఆగుతుంది.

ప్యాక్ ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు చూడాల్సినవి ఇవి.

మధ్యలో దిగే దేశం ఆ ప్యాక్‌లో ఉందా? హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవాళ్లలో చాలామంది దోహా, దుబాయ్, అబుధాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తారు. అమెరికాకి మాత్రమే చెల్లే ప్యాక్ దోహాలో చెల్లదు. ఫోన్ మాత్రం అక్కడి నెట్‌వర్క్‌ని చక్కగా పట్టేస్తుంది, ఛార్జి విడిగా పడుతుంది. చాలా దేశాలకి కలిపి ఇచ్చే ప్యాక్ తీసుకోండి, లేదా ట్రాన్సిట్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేసి ఎయిర్‌పోర్ట్ వైఫైతో గడిపేయండి. నాలుగు గంటల ఆగడానికి రెండోదే చాలు.

రోజులు ఎప్పట్నుంచి లెక్క? కొన్న క్షణం నుంచా, విదేశీ నెట్‌వర్క్ తగిలిన క్షణం నుంచా, మీరు ఎంచుకున్న తేదీ నుంచా? వివరాల్లో రాసి ఉంటుంది. కొన్న క్షణం నుంచి మొదలయ్యేదైతే నాలుగు రోజుల ముందు కొంటే నాలుగు రోజులు గంగపాలు. అలాంటప్పుడు రోమింగ్ సర్వీస్ మాత్రం ముందే ఆన్ చేసి, ప్యాక్‌ని బయలుదేరే రోజు ఇంట్లో వేసుకోండి.

ఇన్‌కమింగ్ కాల్‌కి కూడా డబ్బులు పడతాయి. ఇది చాలామందికి తెలియదు. రోమింగ్‌లో కాల్ ఎత్తితే మీకే ఛార్జి, ప్యాక్ ఉంటే అందులోని నిమిషాలు కరుగుతాయి. క్రెడిట్ కార్డు అమ్మే కాల్ అయినా, మేనమామ కాల్ అయినా ఒకటే లెక్క. ఎస్సెమ్మెస్ రావడానికి మాత్రం మన ఆపరేటర్లు సాధారణంగా ఏమీ తీసుకోరు, పంపితే తీసుకుంటారు.

ఇవన్నీ అయ్యాక మామూలు రీఛార్జ్ వాలిడిటీ చూడండి. ట్రిప్ మధ్యలో అది అయిపోకూడదు. రోమింగ్ ప్యాక్ ఉంది కదా అని దీన్ని మర్చిపోతారు.

బయలుదేరే ముందు రాత్రి

భోజనం అయ్యాక ఓ అరగంట ఫోన్ పట్టుకుని కూర్చోండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్తే మీడియా ఆటో డౌన్‌లోడ్ కింద 'వెన్ రోమింగ్' అని ఆండ్రాయిడ్‌లో విడిగా ఓ వరుస ఉంటుంది. అందులో అన్ని టిక్కులూ తీసేయండి. ఐఫోన్‌లో ఫొటోలు, వీడియోలు వైఫైకి మాత్రమే పెట్టండి. కాలనీ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలకి రోమింగ్ డేటా పోయడం దేనికి? గూగుల్ ఫొటోస్ బ్యాకప్, ప్లేస్టోర్ ఆటో అప్‌డేట్ కూడా వైఫైకే పరిమితం చేయండి.

గూగుల్ మ్యాప్స్‌లో వెళ్లే ఊరి మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌కి దించుకోండి. ట్రాన్స్‌లేట్ యాప్‌లో ఆ దేశపు భాష ప్యాక్ కూడా దించుకుంటే నెట్ లేకపోయినా బోర్డులు చదువుకోవచ్చు.

కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి. కాల్ ఎత్తకపోతే ఇంకో నంబర్‌కి పోయేలా పెట్టినవాళ్లకి రోమింగ్‌లో రెండు వైపులా వాత పడుతుంది. కాల్ ముందు విదేశంలోని మీ ఫోన్ దాకా వచ్చి, అక్కడి నుంచి మళ్లీ ఇండియాకి తిరిగి వస్తుంది కాబట్టి పోను, రాను రెండింటికీ ఛార్జి.

కాంటాక్టుల్లోని ముఖ్యమైన నంబర్లన్నీ +91తో సేవ్ చేయండి. ప్లస్ గుర్తు కోసం సున్నా మీట నొక్కి పట్టుకోవాలి. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ అయితే +91 40 తర్వాత నంబర్. విదేశాల నుంచి చేయడానికి ఆపరేటర్ ఇచ్చే కస్టమర్ కేర్ నంబర్‌ని, వెళ్తున్న దేశంలోని మన ఎంబసీ నంబర్‌ని కూడా సేవ్ చేసుకోండి. మన దగ్గర పనిచేసే మూడంకెల కేర్ నంబర్ల మీద అక్కడ ఆశ పెట్టుకోకండి.

బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ వాడకం ఆన్ చేశారో లేదో చూడండి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి వస్తున్నాయి. ఎలాగూ ఫోన్ చేతిలో ఉంది కాబట్టి ఇదీ కానివ్వండి.

చివరగా, సిమ్ ట్రే తెరిచే పిన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. దొరక్కపోతే చెవి దిద్దు కాడ ఉండనే ఉంది.

విమానంలో

ఎయిర్‌ప్లేన్ మోడ్ అనేది ఎయిర్‌హోస్టెస్ మాట వినడానికి మాత్రమే కాదు. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మీ ఫోన్ దానికి తగులుకుంటే, అది మీ ప్యాక్‌లోని ఏ దేశమూ కాదు కనుక వేరే రేటు పడుతుంది. విమానాల కోసం ప్యాక్‌లు విడిగా ఉంటాయి. క్రూయిజ్ ఓడల్లోనూ ఇదే సంగతి. సింగపూర్ క్రూయిజ్ బుక్ చేసుకున్నవారు ఓడ ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసుకోండి.

దిగాక

ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసి ఐదు నిమిషాలు ఆగండి. తొలిసారి నెట్‌వర్క్ పట్టడానికి టైమ్ పడుతుంది. ఆపరేటర్ నుంచి స్వాగతం ఎస్సెమ్మెస్ వస్తే మొదటి స్విచ్ పనిచేసినట్టే. నెట్ ప్యాక్ ఉంటే ఇప్పుడు డేటా రోమింగ్ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్ దారిలో ఉంటుంది, కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారతాయి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో మొబైల్ సర్వీస్, పాతవాటిలో మొబైల్ డేటా, అక్కడ మీ సిమ్ మీద నొక్కితే కనిపిస్తుంది.

సిగ్నల్ రాలేదా? ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. అయినా రాకపోతే నెట్‌వర్క్ సెలెక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి, కనిపించిన పేర్లలోంచి మీ ప్యాక్ వివరాల్లో రాసిన పార్ట్‌నర్ నెట్‌వర్క్‌ని ఎంచుకోండి. ఈ పార్ట్‌నర్ పేర్లు ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వేరే నెట్‌వర్క్‌కి తగులుకుంటే ప్యాక్ వర్తించకపోవచ్చు. సిగ్నల్ ఉండి నెట్ మాత్రం రాకపోతే ఏపీఎన్‌ని (సిమ్‌ని నెట్‌కి కలిపే సెట్టింగ్) రీసెట్ చేసి చూడండి.

యూఏఈలో వాట్సాప్ ఆడియో, వీడియో కాల్స్ సాధారణంగా పనిచేయవు, మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు పోతాయి. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే "కాల్ కలవట్లేదు, ఏమైందో" అని ఇక్కడ కంగారు. చైనాలో లెక్క వేరు. అక్కడి వైఫైలో వాట్సాప్, గూగుల్ రావు. మన సిమ్ రోమింగ్ డేటా సాధారణంగా ఇండియా ఆపరేటర్ ద్వారానే తిరిగి ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది కాబట్టి రోమింగ్‌లో అవి పనిచేస్తాయి. చైనా వెళ్లే వ్యాపారులు రోమింగ్ ప్యాక్‌కి పెట్టే డబ్బు అందుకే దండగ కాదు.

అక్కడి సిమ్, లేదా ఈ-సిమ్

చాలా దేశాల్లో అక్కడి సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు చూపించాలి, సౌదీలో వేలిముద్ర కూడా ఇవ్వాలి. ఉమ్రాకి గ్రూపుగా వెళ్లే పెద్దవాళ్లు ఒక్కొక్కరూ కౌంటర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది, దానికి తగ్గ టైమ్ ఉంచుకోండి.

ఈ-సిమ్ అయితే క్యూఆర్ కోడ్‌తో ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. ఎక్కించడానికి నెట్ కావాలి కాబట్టి అది ఇక్కడే చేసి, అక్కడ దిగాక ఆన్ చేసుకోవడం పద్ధతి. అయితే విదేశీ సిమ్‌లని మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి పత్రం ఉండాలి. అది లేదనే 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తీయించారు. ఏదో లింకు పంపి చవగ్గా ఇస్తామనే వాళ్లకి పాస్‌పోర్టు కాపీ పంపకండి.

రెండు సిమ్‌లు పెట్టాక ఫోన్‌లో మొబైల్ డేటాకి అక్కడి సిమ్‌ని ఎంచుకోండి, మన సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో 'అలో మొబైల్ డేటా స్విచింగ్' అని ఉంటుంది, అది తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి. లేదంటే అక్కడి సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే మన సిమ్ డేటాకి మారిపోతుంది. కొత్త సిమ్ వేశాక వాట్సాప్ నంబర్ మార్చమంటారా అని అడిగితే వద్దనండి. పాత నంబర్‌తోనే అది నడుస్తుంది.

ఆరు నెలలకి వెళ్లే అమ్మానాన్నలు

మనవడిని చూసుకోవడానికి డాలస్ వెళ్తారు. ఇక్కడ రీఛార్జ్ అయిపోతుంది. ముందు ఔట్‌గోయింగ్, కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ ఆగుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు అసలు వాడకం లేకపోతే కంపెనీ నంబర్‌ని రద్దు చేయవచ్చు. ప్రీపెయిడ్‌లో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ఒకసారి రద్దయ్యాక మరో 90 రోజులు ఆగి ఆ నంబర్‌ని ఇంకెవరికైనా ఇచ్చేస్తారు. అప్పుడు పెన్షన్ ఖాతా ఓటీపీ ఎవరికి పోతుందో ఆలోచించండి.

కాబట్టి వెళ్లే ముందే ఏడాది ప్లాన్ వేయించండి. రోమింగ్ సర్వీస్ ఆన్, డేటా రోమింగ్ ఆఫ్. కొన్ని ప్రీపెయిడ్ నంబర్లలో ఏదో ఒక ఐఆర్ రీఛార్జ్ ఉంటేగానీ విదేశంలో నెట్‌వర్క్ పట్టదు, అది యాప్‌లో చూసుకుని అవసరమైతే వేయండి. మన సిమ్‌ని అమెరికా వెళ్లగానే తీసి పర్సులో పెట్టడం చాలామంది చేసే పని. అది ఫోన్‌లోనే రెండో స్లాట్‌లో ఉండనివ్వండి. సిమ్ తీస్తే యూపీఐ యాప్ ఆగిపోవచ్చు, మళ్లీ రిజిస్టర్ కావాలంటే అదే సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఇండియా ఖాతాలోంచి కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం కట్టేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది.

సిమ్‌ని హైదరాబాద్‌లో చుట్టాల ఫోన్‌లో వేసి ఓటీపీ ఫోన్లో చెప్పించుకునే పద్ధతి ఒకటి ఉంది. ఎంత దగ్గరివాళ్లయినా నేను దీన్ని ఒప్పుకోను. బ్యాంకు తాళంచెవి ఇంకొకరి జేబులో ఉన్నట్టే కదా అది. పైగా వాళ్లు పెళ్లిలో ఉన్నప్పుడే మీకు ఓటీపీ కావాల్సి వస్తుంది.

పెద్దవాళ్ల ఫోన్ కవర్ లోపల ఓ చిన్న చీటీ పెట్టండి. తెలుగులోనే రాయండి: దిగాక ఎయిర్‌ప్లేన్ బొమ్మ నొక్కాలి, ఇండియా నంబర్‌కి వచ్చే కాల్ ఎత్తకూడదు, కొడుకు నంబర్ ఇది, ఇంటి అడ్రస్ ఇది. ఇమిగ్రేషన్ దగ్గర ఆ అడ్రస్ కూడా పనికొస్తుంది.

తిరిగొచ్చాక

శంషాబాద్‌లో దిగాక నెట్‌వర్క్ సెలెక్షన్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చండి. లేకపోతే ఫోన్ ఇంకా దుబాయ్ నెట్‌వర్క్ కోసమే వెతుకుతూ 'నో సర్వీస్' చూపిస్తుంది, క్యాబ్ బుక్ కాదు. డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. పోస్ట్‌పెయిడ్ వాళ్లు వాడకం వద్దనుకుంటే ఆపరేటర్ యాప్‌లో రోమింగ్ సర్వీస్ కూడా ఆపేయండి.

పోస్ట్‌పెయిడ్ బిల్లుని రెండు నెలల పాటు గమనించండి. విదేశీ కంపెనీ లెక్కలు మన కంపెనీకి ఆలస్యంగా చేరతాయి కాబట్టి కొన్ని ఛార్జీలు తర్వాతి నెల బిల్లులో తేలతాయి. ప్యాక్ కొన్న రసీదు, రోజూ వాడకం చూపించిన స్క్రీన్‌షాట్లు అప్పటిదాకా తుడిచేయకండి. తప్పుడు ఛార్జి పడితే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబర్ (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. వాళ్ల జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీకి (అప్పీళ్లు చూసే విభాగం) రాయవచ్చు, దానికి ఫీజు లేదు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు, కాబట్టి నేరుగా అక్కడికి రాసి నెల పోగొట్టుకోకండి.